నాడి ఆగకముందే

మొదటి నమోదు: శుభకృత్ సంవత్సరం, భాద్రపద బహుళ విదియ, ఉదయం

శుభమస్తు. తూర్పు సముద్రం మీద తేలియాడే ఈ తేలుపురంలో, దక్షిణపు గొలుసు వీధి చివరి తెప్పయింటిలో, ఓగిరాల పరాంకుశం అనే నేను, నా ఇంటినాడిని నా తరువాతివారికి అప్పగించే కార్యానికి నేడు ఉపక్రమిస్తున్నాను. పుట్టినవాడికి పోక తప్పదు. పోయేవాడు ఇంటి తలుపు తీసిపెట్టి పోవాలి. ఈ కార్యానికి అర్థం అంతే. మా పూర్వులు సంకల్పం చెప్పుకొనేటప్పుడు తాము ఏ నదికి ఏ దిక్కున ఉన్నారో చెప్పుకొనేవారు. ఆ నదులన్నీ కలిసిన నీటి మీదనే మేమిప్పుడు కాపురం ఉంటున్నాం గనుక, ఏ గొలుసుకు ఏ దిక్కున ఉన్నామో చెప్పుకొంటాం.

అప్పగింత జరిగినన్నాళ్లూ నాడి ధరించినవాడు జరిగినదంతా తన మాటల్లో నమోదు చేయాలని పురనియమం. అందుకే ఈ పలుకులు.

నా కుడి మణికట్టు మీది కట్టు అనుక్షణం నా నాడిని వింటుంది. అది కొట్టుకొంటున్నంతకాలం ఈ ఇంటి తలుపులు తెరుచుకొంటాయి, ఉప్పునీరు మంచినీరవుతుంది, బంధువుల ఉత్తరాలు వస్తాయి, మా పెళ్లినాటి చిత్రాలు గోడ మీద వెలుగుతాయి. అన్నిటికీ మించి, నా ధర్మపత్ని నాంచారమ్మ కళ్లు చూస్తాయి. ఆమె సొంత చూపు నడివయసులో జ్వరం పాలైంది. ఇప్పుడున్నవి అమర్చిన కళ్లు. ఇంట్లోని ప్రతి యంత్రమూ ఒక్కరి నాడి మీదనే నడవాలన్నది ఈ ఊరి ఆచారం కాబట్టి, అవీ నా నాడి మీదనే నడుస్తున్నాయి.

ఈ ఉదయం నేను నీటియంత్రపు జల్లెడకు పట్టిన ఉప్పు గీకుతూండగా అప్పగింతల అధికారిణి కరుణమ్మ పడవ దిగింది. కోనసీమ మునగకముందు ఆమె పూర్వులది అక్కడే. ఊరు పోయినా యాస పోలేదు.

“ఆయ్, పెద్దోరండి, వైద్యశాల నుంచి కబురొచ్చిందండి. తమరి గుండె కవాటం మారుస్తారంట గదా?”

“విజయదశమి నాడమ్మా. ఆ పని జరుగుతున్నంతసేపూ గుండెను ఆపి ఉంచుతారట. తరువాత మళ్లీ నడిపిస్తారట.”

“అక్కడే వచ్చిందండి చిక్కు. వైద్యుడు ఆపాడో యముడు ఆపాడో కట్టుకి తెలీదు గదండి. నాడి ఆగిందంటే తమరు పోయినట్టే లెక్క. ఇల్లు మూతపడిపోద్ది. కర్మలు తీరేదాకా తెరుచుకోదండి.”

“చికిత్స అని ముందుగా చెప్పుకొంటే?”

“ఎవరి మాటా నమ్మదండి. తెల్సుగా, ఉత్తరపు గొలుసులో ఓ ముసలాయన పోతే, ఆరి వాళ్లు కట్టు తీసి మేక కాలికి కట్టేరు. నీళ్ల వాటా పోకూడదని. ఆ మేక ఏళ్ల తరబడి ఇంటి పెద్దగా బతికిందండి. ఎన్నికల్లో ఓటు కూడా ఏసింది. ఆ మేకగారు పోయిన కాడ్నించి మినహాయింపుల్లేవండి బాబూ.”

వంటగదిలోంచి నాంచారు నవ్వు వినిపించింది. “ఆ మేక ఓటు వేసిన సభ్యుడే మన వీధికి వంతెన వేయించాడు. మేకను ఏమీ అనకండి.”

కరుణమ్మ చెప్పిన ఉపాయం ఇది. ముందుగా మరణాభ్యాసం చేయాలి. కట్టును కాసేపు ‘ఆగిన నాడి’లో పెడతారు. నేను శవంలా పడుకోవాలి. వారసుడు నా సాయం లేకుండా తాళం తీయాలి. అందులో నెగ్గితే, అసలు రోజున కర్మల దాకా ఆగనక్కరలేదు. ఇల్లు అప్పటికప్పుడే వారసుడికి తెరుచుకొంటుంది.

వారసురాలు మా అమ్మాయి వకుళ. పక్క తెప్పలో ఉంటుంది. నీటి అడుగుకు దిగి ఊరి గొలుసులు మరమ్మతు చేయడం ఆమె వృత్తి.

రెండవ నమోదు: బహుళ చవితి

“పితృపక్షంలో చచ్చినట్టు నటించడం ఏమిటండీ, అపశకునం కాదూ?” అని నాంచారు ఉదయం నుంచీ సణుగుతూనే ఉంది. పితృదేవతలు ఎలాగూ దిగివచ్చి ఉన్న రోజులు కాబట్టి, వారికీ ఒక వేడుక అని సర్దిచెప్పాను.

నా ఖాతాకు తాళంగా నేను పెట్టుకొన్నది నేనే కట్టిన ఆటవెలది. వేలిముద్రలూ అంకెలూ నా చేత కాలేదు. పద్యమైతే మరపు రాదని నా నమ్మకం.

ఇంటి దీప మొకటి యెందరి కైనను
వెలుగు పంచు; పంచ వెలితి లేదు;
కన్ను మూయు వేళ గడపపై నుంచిన
దివ్వె నందుకొనుము దీక్షతోడ.

రెండు రోజులుగా వకుళకు ఇది నేర్పుతున్నాను. “నాన్నగారూ, నాకు గొలుసు బిగించడం వచ్చుగాని మాట బిగించడం రాదండీ” అంటుంది. నిజమే, నీటి కింద పనిచేసేవారికి మాటలతో అవసరం తక్కువ.

మధ్యాహ్నం నన్ను చాప మీద దక్షిణానికి తల పెట్టించి పడుకోబెట్టారు. కరుణమ్మ కట్టు మీద వేలు ఉంచి, “ఇప్పుడు తమరు లేరండి. ఇక మాట్టాడకూడదు” అంది.

నీటియంత్రపు రొద ఆగింది. గోడ మీది చిత్రాలు చల్లారాయి. తలుపులు బిగుసుకొన్నాయి.

“చీకటైంది” అంది నాంచారు. ఆ ఒక్క మాటే.

వకుళ గొంతు సవరించుకొని అందుకొంది. “ఇంటి దీపమొకటి యెందరికైనను… వెలుగు పంచుతుంది…”

“పంచు! అక్కడితో ఆగు!” అంది శవం.

అంతలోనే కరుణమ్మ నుదురు కొట్టుకొంది. “శవం మాట్టాడేసిందండి! అభ్యాసం రద్దు.”

వెలుగులు తిరిగి వచ్చాయి. నాంచారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. “పోయాక కూడా ఊరుకోరన్నమాట. ఇక నాకు బెంగ లేదు.”

వకుళ నవ్వలేదు. “నేను నోరు తెరిస్తే చాలు, మీరు పాడె మీంచైనా లేచి దిద్దుతారు నాన్నగారూ. అసలు రోజున ఎలా నేర్చుకోవాలి నేను?” అని విసురుగా తన తెప్పకు వెళ్లిపోయింది.

మూడవ నమోదు: బహుళ షష్ఠి

నేడు నోట్లో ఒక తులసిదళం ఉంచుకొని పడుకొన్నాను, మాట్లాడాలనిపించినా అడ్డుగా ఉంటుందని.

వకుళ ఈసారి నన్ను చూడలేదు. తలుపు వైపు తిరిగి, నీటిలోకి దూకేముందు నిలిచినట్టు నిలిచి, ఒక్క ఊపిరిలో పద్యమంతా చెప్పింది. ఒక్క అక్షరం జారలేదు. తలుపులు తెరుచుకొన్నాయి. నీటియంత్రం మళ్లీ మొదలైంది. చిత్రాలు వెలిగాయి. నాలో ఆనందం పొంగింది. కాని నేను లేనివాడిని కాబట్టి దాన్ని బయటపెట్టలేదు.

“అమ్మా, అయిపోయింది! చూశావా?” అంది వకుళ.

“ఎక్కడ? నాకేం కనిపించడం లేదే.”

నాంచారు చేయి గాలిలో తడుముతూ స్తంభాన్ని పట్టుకోవడం, అక్కడినుంచి గోడనూ, గోడ మీదుగా నా వైపూ రావడం నాకు వినిపించింది. వంగి నా ముఖం మీద వేళ్లు ఉంచింది. చల్లగా ఉన్నాయవి. “ఏమండీ, నిజంగానే పోయారా ఏమిటి?” అంది మెల్లగా.

ప్రవచన సభల్లో వేలాది మాటలు పలికిన నోరు నాది. నా భార్య అడిగిన ఆ చిన్న ప్రశ్నకు బదులు పలకరాని స్థితిలో ఉన్నాను. తులసిదళాన్ని నమిలి మింగేశాను.

కరుణమ్మ అభ్యాసం ముగించగానే చూపు తిరిగి వచ్చింది. ఆమె చాలాసేపు తన చేతిపలకలో ఏవేవో వెతికి, ముఖం చిన్నబుచ్చుకొంది.

“తలుపులూ నీళ్లూ వస్తువులండి. అవి వారసురాలికి వచ్చేత్తాయి. ఒంట్లో అమర్చినవి మాత్రం, నాడి ఉన్న మనిషి బతికుండగా ఒప్పుకొంటేనే ఇంకో నాడికి మారతాయండి. ఆగిన నాడి నుంచి మారవు. ఇంటినాడి తమరి దగ్గరుండగా కళ్లొక్కటే విడిగా మార్చడమూ కుదరదండి. అమ్మగారి కళ్లు పాతరకం. కొత్తగా అమర్చేవోళ్లు కూడా ఇప్పుడు లేరండి.”

“నేను చికిత్స తరువాత బ్రతికి వస్తాను కదా. అప్పుడు ఒప్పుకొంటాను.”

“వత్తారండి. కానీ ఊరి పట్టీలో తమరు పోయినోరే. పోయినోరి ఒప్పుదల చెల్లదండి.”

మధ్యాహ్నపు వెలుగు నీటి మీద పడి పైకప్పున ఆడుతోంది. నాంచారు తల ఎత్తి దాన్ని చూస్తూ కూర్చుంది.

నాలుగవ నమోదు: బహుళ సప్తమి

వైద్యశాలకు కబురు పంపాను, చికిత్స వద్దని. ఉన్న కవాటంతో ఉన్నన్నాళ్లు ఉంటాను. నాడి నడిచినంతకాలం ఆమె చూస్తుంది. ఇందులో త్యాగమని చెప్పుకోదగ్గదేమీ లేదు, లెక్క తేలిక అనుకొన్నాను.

నాంచారుకు ఆ లెక్క కుదరలేదు. ఉత్తరాలన్నిటినీ మా ఇంట్లో యంత్రమే పైకి చదివి వినిపిస్తుంది. వైద్యశాల జవాబును ఆమె నాకన్నా ముందు విన్నది.

“ఎవరినడిగి వద్దన్నారు?”

“అడిగితే నువ్వు ఒప్పుకోవు.”

“కవాటం మార్చకపోతే చలికాలం దాటదన్నాడా లేదా వైద్యుడు? నాలుగు నెలల చూపు కోసం మిమ్మల్ని తీసుకుపోయి సముద్రంలో వేయమంటారా నన్ను? నేను చూడవలసినవన్నీ చూశాను. ఇన్నేళ్లు మీ ముఖమే చూశాను, ఇంకా కొత్తగా చూడవలసిందేముంది అందులో?”

“వకుళ ఉంది కదా చూడడానికి.”

ఆ మాటకు ఆమె గొంతు మారింది. ఆమెకు జ్వరం వచ్చి చూపు పోయేటప్పటికి వకుళ చంటిపిల్ల. కళ్లు అమర్చేటప్పటికి జడ వేసుకొనే పిల్ల అయింది. ఆ నడిమి ఏళ్లలో కూతురి ముఖాలేవీ ఆమె చూడలేదు. తల్లి ఆ లోటును ఇప్పటికీ తీర్చుకొంటూనే ఉంటుంది. కూతురు తడిసిన జుట్టుతో గట్టెక్కే వేళకు రోజూ అరుగు మీద కూర్చుని చూస్తుంది.

“అసలు నాకొకటి చెప్పండి” అంది చివరకు. “నా కళ్లు నా తలలో ఉన్నాయి. అవి మీ చేతి మీద ఎందుకు బ్రతకాలి? మీరు పోతేగాని నాకివ్వరా? బ్రతికుండగా ఇవ్వకూడదని ఏ ధర్మం చెప్పింది?”

చదివిన చదువంతా తిరగవేశాను. ఏ ధర్మమూ చెప్పలేదు. నిజానికి ధర్మం దానికి విరుద్ధంగానే చెప్పింది. తల నెరిసి, ఒంటి మీద ముడతలు పడ్డ గృహస్థు ఇల్లు అప్పగించి బయలుదేరాలన్నది. అది ప్రాణం పోయాక కాదు, కాళ్లాడుతుండగానే. మూడవ ఆశ్రమాన్ని గురించి ఎన్ని ఊళ్లలో, ఎంతమందికి విప్పి చెప్పానో. కాని తేలుపురంలో గృహస్థు నుంచి నేరుగా శవంగా మారడమే ఆచారమైపోయింది. నడుమనున్న మెట్టును ఎవరమూ ఎక్కడం లేదు.

“నాంచారూ, కరుణమ్మను పిలిపించు” అన్నాను.

“ఎందుకు?”

“వనానికి పోతాను.”

“వనమెక్కడుందీ? చుట్టూ నీళ్లేనాయె!” అంటూనే కబురు పంపింది.

ఐదవ నమోదు: బహుళ అష్టమి

కరుణమ్మ వచ్చి నా మాట విన్నది.

“బతికుండగా ఇంటినాడి ఒదులుకుంటారా? ఇప్పటిదాకా అలా ఎవరూ అడగలేదండి.”

“అడగకపోవడం వేరు, నిషేధించడం వేరు కదమ్మా?”

“అదీ నిజమేనండి.” చేతిపలక ముందు పెట్టుకొని కూర్చుంది. నాంచారు ఆమెకు ఉప్పునీటి వరి అటుకులు వేయించి పెట్టింది. అటుకులు అయిపోయే వేళకు ఊరు కట్టిన తొలినాళ్ల నియమం ఒకటి దొరికింది. ఇల్లు విడిచి వెళ్లదలచినవాడు నాడి నడుస్తుండగా, తన నోటితో, ఆ ఇంటిలోని ఎవరికైనా నాడిని ఇవ్వవచ్చు. అప్పుడు ఒంట్లో అమర్చినవి కూడా కొత్త నాడికి మారతాయి. అప్పట్లో దూరపు తెప్పలకు వలస వెళ్లేవారి కోసం పెట్టిన నియమమట.

“కానీ పెద్దోరండి, ఇచ్చేత్తే మళ్లీ తీసుకోడం కుదరదు. ఆ క్షణం నుంచి ఈ ఇంట్లో తమరు అతిథండి. తలుపు కూడా తమరి మాట వినదు. తమరి ఉత్తరాలూ, పద్యాలూ, ఖాతాలన్నీ అమ్మగారివే.”

నా పద్యాలన్నీ ఆమెవేనా? వాటిలో అచ్చుకు పంపనివీ, సగంలో వదిలినవీ, ఎవరూ చూడకూడదనుకొన్నవీ ఉన్నాయి. నేను తటపటాయించడం నాంచారు చూసింది. చూడగలదు కదా.

“భయపడకండి. మీ పద్యాలు నేను చదవను” అంది. “ఇంతవరకూ చదివానా?”

వకుళ పొట్ట పట్టుకొని నవ్వింది. అంతటితో నిశ్చయమైపోయింది. చికిత్సకు వస్తానని వైద్యశాలకు మళ్లీ కబురు పంపాను.

వారసురాలి సంగతీ అక్కడే తేలింది. ముందు నాడి తల్లికి పోతుంది; ఆమె తరువాత వకుళకు. “నాకేం తొందర లేదమ్మా” అంది వకుళ. “నువ్వు మాత్రం తాళంగా పద్యం పెట్టకు, నీకు దండం పెడతాను.”

ఆరవ నమోదు: ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి

పితృపక్షం వెళ్లిపోయింది. నిన్న అమావాస్యనాడు తర్పణాలు వదిలి, పిండాలను అలవాటు ప్రకారం సముద్రపు కాకులకు పెట్టాను. అవి అరుస్తూ వచ్చి తీసుకొన్నాయి. పెద్దలు సమ్మతించారనే అనుకొంటున్నాను.

ఈ ఉదయం స్నానం చేసి, తూర్పుముఖంగా నిలుచున్నాను. దానమంటే నీటిధారతోనే పూర్తి కావాలి గనుక, వకుళ చెంబు పట్టుకొంది. నాంచారు కుడిచేయి చాచింది. కరుణమ్మ చెప్పమన్న మాట ఒక్కటే, “ఇది ఇక నాది కాదు.” మూడుమార్లు చెప్పాలి.

మొదటిసారి తేలికగా వచ్చింది. రెండవసారి కాస్త నెమ్మదిగా వచ్చింది. మూడవసారి నా చూపు అరుగు కింది గొలుసు మీద ఆగింది. ఇల్లు కట్టినప్పుడు మొదటి గొలుసు బిగించినది నేను. నీటియంత్రం ఏ రుతువులో ఎలా మూలుగుతుందో తెలిసినది నాకు. ఆ క్షణంలో అవన్నీ ఒక్కసారిగా నా మణికట్టును పట్టుకొని వేలాడినట్టనిపించింది.

నాంచారు చాచిన చేయి తీయలేదు. “ఏమిటి, గొంతు పెగలడం లేదా? దానధర్మాల మీద పూటలకు పూటలు చెప్పారుగా సభల్లో.” వెంటనే, ఎవరికీ వినబడకుండా, “తొందర లేదు, నిదానంగా చెప్పండి” అంది.

“ఇది ఇక నాది కాదు” అన్నాను. వకుళ నీళ్లు వదిలింది. నా చేతి మీదుగా నాంచారు చేతిలోకి, అక్కడినుంచి అరుగు మీదికి, అక్కడినుంచి సముద్రంలోకి జారాయి.

నా కట్టు మూగబోయింది. నాంచారు మణికట్టు మీది కొత్త కట్టు సన్నగా కొట్టుకోసాగింది. ఆమె కనురెప్పలు ఆర్పింది.

“మసకేసింది” అంది. “ఆగండి… వచ్చింది. కనిపిస్తున్నారు. కొంచెం చిన్నగా.”

“అమ్మా! కళ్లు సరిగ్గా లేవా?” అంది వకుళ కంగారుగా.

“కళ్లు బాగానే ఉన్నాయి. మీ నాన్నగారే చిన్నగా ఉన్నారు.”

కరుణమ్మ పడవ ఎక్కేటప్పటికి కూడా నవ్వుతూనే ఉంది. నేను మంచం తీసుకుపోయి, వెనుక తెప్ప మీద పెంచుతున్న మడచెట్ల నారు పక్కన వేసుకొన్నాను. ఈ నీళ్లలో వనమంటూ ఉంటే అదే. మొక్కలు మోకాలెత్తున ఉన్నాయి. నేను పడుకొంటే నీడ సరిపోతుంది.

ఏడవ నమోదు: శుద్ధ ద్వాదశి, వైద్యశాల తెప్ప నుంచి

దశమి నాడు చికిత్స జరిగింది. నేటికి గొంతు పలుకుతోంది గనుక నమోదు చేస్తున్నాను.

స్పృహ వచ్చేటప్పటికి మొదట వినబడినది నీటి చప్పుడు. తరువాత ఛాతీలో ఒక కొత్త చప్పుడు. లయ కుదిరింది, ఎక్కడా తడబాటు లేదు. కళ్లు తెరిచాను. నాంచారు నన్నే చూస్తోంది. చూస్తోంది అన్న మాట ఎంత నిండుగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

“ఎంతసేపు ఆగిందట?” అని అడిగాను.

“ఏమో. వైద్యుడు చెప్పాడు, నేను వినలేదు. వకుళ కిటికీ దగ్గర తల దువ్వుకొంటుంటే చూస్తూ కూర్చున్నాను. దానికి పాపిట దగ్గర నెరుస్తోందండీ, మీరెప్పుడైనా గమనించారా?”

“లేదే.”

“మీరు గమనించరు. మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి కూడా నాకు చీకటి పడలేదు.” అలా అని నా నుదుటి మీద చేయి ఉంచింది. ఈసారి ఆ చేయి వెచ్చగా ఉంది.

నా గుండె ఆగిన వేళ మా ఇంట్లో నీరు శుద్ధి అవుతూనే ఉందట. చిత్రాలు వెలుగుతూనే ఉన్నాయట. పొరుగువారు వెళ్లి చూసి చెప్పారు. నేను లేని లోకాన్ని గురించి నాకిన్నాళ్లూ లోలోపల ఒక దిగులుండేది. ఆ లోకం కాసేపు జరిగింది. ఏ లోటూ రాలేదు. ఇంత ఊరట నాకు ఏ తీర్థంలో మునిగినా కలగలేదు.

ఎనిమిదవ నమోదు: ఆశ్వయుజ బహుళ తదియ

ఇల్లు చేరాను. వకుళ పడవ కట్టి, నన్ను పట్టుకొని మెట్టెక్కించింది. అలవాటు చొప్పున తలుపు ముందు నిలబడ్డాను. అది కదలలేదు. నాంచారు మాకంటే ముందే వచ్చి లోపల ఉంది.

“ఎవరదీ?”

“నేనే.”

“నేనే అంటే? ఈ ఇంటి యజమానిని నేను. అతిథులు పద్ధతిగా అడగాలి.”

“ఏమని అడగమంటావు?”

“ఒడుగునాడు నేర్పే ఉంటారుగా. భవతీ…”

వకుళ నోటికి కొంగు అడ్డం పెట్టుకొంది. ఎనభై దాటిన నేను, కొత్త కవాటపు గుండెతో, నా భార్య గడప ముందు నిలిచి, “భవతీ, భిక్షాం దేహి” అన్నాను. స్వరం తప్పలేదు.

తలుపు తెరుచుకొంది. చారు వాసన వచ్చింది. నాంచారు ఎదురుగా నిలుచుని నన్ను తలనుంచి కాళ్లదాకా చూసింది. “చిక్కిపోయారు. లోపలికి రండి” అంది.

ఇల్లు చేరడంతో ఈ నమోదు ముగించాలని నియమం. నాకు మిగిలిన మాట ఒక్కటే. ఈ గొలుసు వీధుల్లో ఇకముందు పుట్టబోయే పిల్లలారా, మీరు చల్లగా ఉండాలి. మీ నీరు తియ్యగా, మీ గొలుసులు గట్టిగా ఉండాలి. మీకు ప్రియమైనవారి వెలుగు ఎవరి శ్వాస మీదా అప్పుగా బ్రతకకూడదు. ఇవ్వవలసినది చేయి వెచ్చగా ఉండగానే ఇచ్చే బుద్ధి మీకు కలగాలి. ఇచ్చినవారిని పేరుపెట్టి పిలిచి, లోపలికి రమ్మని, ఇంత అన్నం పెట్టే గృహిణులూ గృహస్థులూ ఈ నీటి మీద తరతరాలు వర్ధిల్లాలి. శతమానం భవతు.